గోడమీది ధ్రువపత్రం, పెద్దపేగు క్యాన్సర్ వైద్యం

ఆస్పత్రి నడపడానికి ప్రభుత్వం ఇచ్చేది లైసెన్సు. ఆ ఆస్పత్రి ఫలానా ప్రమాణాలను పాటిస్తోందని బయటివారు వచ్చి, రికార్డులు తిరగేసి, వార్డులు చూసి, సిబ్బందిని ప్రశ్నించి ఇచ్చేది గుర్తింపు. డాక్టర్లు, పత్రికలు అక్రెడిటేషన్ అనేది దీన్నే. లైసెన్సు లేకుండా ఆస్పత్రి తలుపు తెరవకూడదు. గుర్తింపు లేకపోయినా తెరవవచ్చు, చాలా దేశాల్లో చాలా ఆస్పత్రులు అలాగే నడుస్తున్నాయి. గుర్తింపు అనేది ఆస్పత్రి తనంతట తాను కోరి తెచ్చుకునేది. దానికి గడువు ఉంటుంది, గడువు తీరగానే మళ్లీ పరీక్ష ఉంటుంది. రిసెప్షన్ వెనక గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన ఆ కాగితం వల్ల లోపల మంచం మీద ఉన్న రోగికి ఒరిగేదేమిటన్నది వైద్యరంగంలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఈ ప్రశ్నకు లెక్కలతో కూడిన జవాబు కొంతవరకైనా దొరుకుతుంది.

పెద్దపేగు, పురీషనాళాల క్యాన్సర్ 2022లో ప్రపంచమంతటా సుమారు 19 లక్షల మందికి కొత్తగా వచ్చింది. సుమారు 9 లక్షల మంది ఆ ఏడాది దానితో చనిపోయారు. భారతదేశంలో కొత్త కేసులు దాదాపు 70 వేలు. జనాభాతో పోల్చి చూస్తే అమెరికా, ఐరోపాల కంటే ఇది చాలా తక్కువ. కానీ ఇక్కడ వ్యాధి ముదిరాక బయటపడటం ఎక్కువ. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని నాటుమందు వాడుతూ నెలలు గడిపేవారు ఎందరో.

ఆస్పత్రి పనితీరును తూచడానికి ఈ వ్యాధి అనువైనది కావడానికి కారణం ఉంది. దీని చికిత్స ఒక్క డాక్టరు చేతిలో ఉండదు. కొలనోస్కోపీ చేసేవారు పేగు మొత్తం చూడాలి, ఒకచోట గడ్డ కనిపించిందని అక్కడే ఆగిపోకూడదు. పైన మరో గడ్డ ఉండవచ్చు. స్కానింగు చేసినవారు కాలేయం, ఊపిరితిత్తులు కూడా చూసి వ్యాధి ఎంతవరకు పాకిందో చెప్పాలి. సర్జను ఎంత పేగు తీయాలో, దానితోపాటు రక్తనాళాల వెంబడి ఉన్న కొవ్వు పొరను ఎక్కడిదాకా తీయాలో నిర్ణయించాలి. పేథాలజిస్టు ఆ ముక్కను కోసి, వెతికి, రాయాలి. ఆ రాతను చదివి కీమోథెరపీ కావాలో వద్దో ఆంకాలజిస్టు తేల్చాలి. ఆ తర్వాత ఐదేళ్లపాటు ఎవరో ఒకరు రోగిని పిలిచి చూస్తూ ఉండాలి. ఈ వరుసలో ఎక్కడ తప్పు జరిగినా దాని ఫలితం మరో విభాగంలో, మరో ఏడాదిలో కనిపిస్తుంది. అంటే ఇక్కడ పరీక్షకు నిలబడేది మొత్తం ఆస్పత్రి. ఎంత పేరున్న సర్జనైనా ఈ వరుసలో ఒక మెట్టు మాత్రమే.

ఇలా ఆస్పత్రినే పరీక్షకు నిలబెట్టాలన్న ఆలోచన అమెరికాలోని బోస్టన్‌లో ఒక సర్జను మొండిపట్టు నుంచి వచ్చింది. ఆయన పేరు ఎర్నెస్ట్ కాడ్‌మన్. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేసేవాడు. ఆయన వాదన విన్నవారికెవరికైనా సబబుగానే తోస్తుంది: ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ తగినంతకాలం వెంబడించి బాగుపడ్డాడో లేదో చూడాలి, బాగుపడకపోతే ఎందుకు పడలేదో రాయాలి, ఆ రాతను పదిమందికీ చూపాలి. దీనికి ఆయన ‘తుది ఫలితం’ అని పేరు పెట్టాడు. పెద్ద ఆస్పత్రి ఒప్పుకోకపోవడంతో 1911లో సొంతంగా చిన్న ఆస్పత్రి తెరిచి, రోగికో కార్డు చొప్పున రాసిపెట్టాడు. 1916 వరకు అక్కడినుంచి ఇంటికి వెళ్లిన 337 మంది రోగుల్లో 123 పొరపాట్లు జరిగాయని లెక్కగట్టి, సొంత డబ్బుతో అచ్చువేసి పంచాడు. ఒక సభలో తోటి డాక్టర్లను, ధనవంతులైన వారి రోగులను ఎగతాళి చేస్తూ పెద్ద వ్యంగ్యచిత్రం ప్రదర్శించినందుకు పదవులూ పోయాయి, స్నేహితులూ దూరమయ్యారు. నిజం చెప్పే తీరులో ఆయనకు లౌక్యం బొత్తిగా లేదని ఆయనను మెచ్చుకునేవారు కూడా ఒప్పుకుంటారు.

ఆయన ఆలోచనలో కొంత భాగాన్ని అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ తీసుకుంది. 1913లో ఏర్పడిన ఆ సంస్థ 1917లో ఆస్పత్రులకు ‘కనీస ప్రమాణం’ అని ఒకే ఒక పేజీ పత్రం తయారు చేసింది. ప్రతి రోగికీ పూర్తి రికార్డు ఉండాలి, డాక్టర్లు క్రమంగా కలిసి కేసులు సమీక్షించుకోవాలి, ప్రయోగశాల, ఎక్స్‌రే ఉండాలి, ఇలా అయిదే అంశాలు. నూరు పడకలకు పైబడిన 692 ఆస్పత్రులను ఆ ప్రమాణంతో పరీక్షిస్తే నెగ్గినవి 89. ఓడిన జాబితాలో దేశంలోని పేరుమోసిన ఆస్పత్రులూ ఉన్నాయి. 1919లో ఆ జాబితా పత్రికల చేతికి చిక్కకూడదని న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ బాయిలరు మంటల్లో వేసి కాల్చేశారని ఆ సంస్థ చరిత్రలోనే రాసి ఉంది. ఆస్పత్రి గుర్తింపు అనే వ్యవహారం మొదలైన తీరు ఇది. పరీక్ష పెట్టారు, ఫలితం దాచారు. కాడ్‌మన్ అడిగింది దీనికి సరిగ్గా ఎదురు. రోగి చివరికి ఏమయ్యాడో లెక్కగట్టి పదిమందికీ చూపాలన్నది ఆ అయిదు అంశాల్లో లేదు. ఏ పరికరాలు ఉన్నాయి, ఏ కాగితాలు ఉన్నాయి అన్నవే అవి ప్రధానంగా చూశాయి. తర్వాతి నూరేళ్ల గుర్తింపు చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య లాగులాటే.

సాధారణ ఆస్పత్రుల గుర్తింపు 1951లో జాయింట్ కమిషన్ అనే ప్రత్యేక సంస్థ చేతికి వెళ్లింది. 1965లో అమెరికా ప్రభుత్వం వృద్ధుల కోసం మెడికేర్ బీమా తెచ్చినప్పుడు ఈ గుర్తింపు ఉన్న ఆస్పత్రులు ప్రభుత్వ షరతులను నెరవేర్చినట్టే లెక్క అని చట్టంలో రాశారు. అప్పటినుంచి గుర్తింపుకూ డబ్బుకూ ముడిపడింది. క్యాన్సర్ దారి మాత్రం వేరు. దానికోసం కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1922లోనే ఒక సంఘాన్ని పెట్టింది. అదే ఇప్పుడు కమిషన్ ఆన్ క్యాన్సర్. ఈ కమిషన్ గుర్తింపు కోరే ఆస్పత్రులు తమ క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ నడిపి తీరాలని 1956లో నియమం పెట్టింది. గోడమీది కాగితానికి నిజమైన విలువ వచ్చింది ఆ నియమంతోనే. కాడ్‌మన్ కార్డులు నలభై ఏళ్లు ఆలస్యంగా, మరో పేరుతో తిరిగి వచ్చాయి.

ఈ రిజిస్ట్రీల సమాచారం 1989 నుంచి నేషనల్ క్యాన్సర్ డేటాబేస్‌లో చేరుతోంది. అమెరికాలో కొత్తగా క్యాన్సర్ బయటపడేవారిలో దాదాపు 70 శాతం మంది వివరాలు అందులోకి వస్తాయి. కమిషన్ గుర్తింపు ఉన్న ఆస్పత్రులు 1,500 పైచిలుకు. దేశంలోని మొత్తం ఆస్పత్రుల్లో ఇవి మూడోవంతుకు కూడా రావు, అయినా క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమందిని చూసేవి ఇవే. గుర్తింపు నిలుపుకోవాలంటే చాలా చేయాలి. క్యాన్సర్ కేసుల మీద సర్జన్లు, ఆంకాలజిస్టులు, రేడియాలజిస్టులు, పేథాలజిస్టులు కలిసి కూర్చుని చర్చించే ట్యూమర్ బోర్డు క్రమంగా జరగాలి, ఆ చర్చ చికిత్స అయిపోయాక కాకుండా ముందే జరగాలి. రిజిస్ట్రీలో ఉన్న రోగులు బతికి ఉన్నారా, వ్యాధి తిరగబెట్టిందా అని ఏటా ఆరా తీయాలి. గత ఐదేళ్లలో చేరినవారిలో నూటికి తొంభై మంది ఆచూకీ ఆస్పత్రికి తెలిసి ఉండాలన్నది నియమం. మూడేళ్లకోసారి తనిఖీ బృందం వస్తుంది.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఈ కమిషన్ ఎంచుకున్న కొలమానాల్లో రెండు బాగా ప్రసిద్ధమయ్యాయి. మొదటిది లింఫ్ గ్రంథుల లెక్క. పేగు గోడలో పుట్టిన క్యాన్సర్ కణాలు రక్తనాళాల వెంబడి ఉన్న కొవ్వులోని లింఫ్ గ్రంథులకు ముందుగా చేరతాయి. ఆ గ్రంథుల్లో క్యాన్సర్ లేకపోతే వ్యాధి మొదటి లేదా రెండో దశ. ఒక్కదానిలో ఉన్నా మూడో దశ. మూడో దశ అయితే కీమోథెరపీ ఇస్తారు. రెండో దశలో చాలామందికి అవసరం పడదు. కాబట్టి గ్రంథులను ఎంత జాగ్రత్తగా వెతికారన్నది రోగి తర్వాతి ఆరు నెలల జీవితాన్ని నిర్ణయిస్తుంది. నాలుగు గ్రంథులు చూసి నాలుగింటిలోనూ ఏమీ లేదని రాసిన రిపోర్టుకూ, పద్దెనిమిది చూసి ఏమీ లేదని రాసినదానికీ విలువ ఒకటి కాదు.

వెతకడం అంత తేలిక కూడా కాదు. ఈ గ్రంథులు కొన్ని మిల్లీమీటర్ల పరిమాణంలో, కొవ్వు రంగులోనే కలిసిపోయి ఉంటాయి. ఫార్మలిన్‌లో నానిన ముక్కను పలచగా కోస్తూ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, వేళ్లతో తడిమి ఒక్కొక్కటీ పట్టుకోవాలి. తొందరపడితే తప్పిపోతాయి. పేగు కుడిపక్క తీసినప్పుడు ఎక్కువ దొరుకుతాయి, ఎడమపక్క తక్కువ. వయసు పెరిగే కొద్దీ తగ్గుతాయి. సర్జను కొవ్వు పొరను కురచగా కోసేస్తే పేథాలజిస్టు ఎంత ఓపిగ్గా వెతికినా దొరకవు. ఇద్దరిలో ఎవరిది లోపమో అంకె చూసి చెప్పలేం.

కనీసం పన్నెండు గ్రంథులు చూడాలన్న సిఫార్సు 1990లో సిడ్నీలో జరిగిన ప్రపంచ జీర్ణకోశ వైద్యుల మహాసభ నుంచి వచ్చింది. పదకొండుకూ పన్నెండుకూ మధ్య ప్రకృతిలో గీత ఏమీ లేదు. ఎక్కడో ఒకచోట గీయాలి కాబట్టి అక్కడ గీశారు. ఎక్కువ గ్రంథులు పరీక్షించిన రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని ఆ తర్వాత పలు అధ్యయనాలు చూపడంతో ఈ అంకెకు బలం వచ్చింది. డేటాబేస్‌లోని 1,296 ఆస్పత్రులను పరిశీలించినప్పుడు, నూటికి డెబ్బై అయిదు మంది రోగుల్లోనైనా పన్నెండు గ్రంథులు చూసిన ఆస్పత్రులు 1996–97లో 15 శాతం మాత్రమే. 2004–05 నాటికి 38 శాతం అయ్యాయి. గుర్తింపు ఉన్నవాటి పరిస్థితే ఇది. 2007లో అమెరికా జాతీయ నాణ్యత వేదిక ఈ పన్నెండును అధికారిక కొలమానంగా ఆమోదించింది. తర్వాత కమిషన్ తన ఆస్పత్రులకు 85 శాతం లక్ష్యం పెట్టింది. ఆస్పత్రులు కదిలాయి. సర్జన్లు పేథాలజీ విభాగానికి ఫోన్లు చేయడం, పన్నెండు దొరక్కపోతే ముక్కను మళ్లీ వెతకమనడం, కొవ్వును కరిగించే ద్రావణాలు వాడటం మామూలైపోయాయి.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనం ఇరవై ఏళ్ల లెక్కలు తీసింది. పన్నెండు లేదా అంతకు మించి గ్రంథులు పరీక్షించిన రోగులు 1988–90లో 34.6 శాతం ఉంటే 2006–08 నాటికి 73.6 శాతానికి పెరిగారు, అంటే రెట్టింపు దాటింది. ఇంత ఎక్కువగా వెతికాక గ్రంథుల్లో క్యాన్సర్ బయటపడిన రోగులూ పెరగాలి కదా? పెరగలేదు. మొదట్లో 40 శాతం, చివర్లో 42 శాతం. ఎక్కువ వెతికితే దాగిన వ్యాధి దొరికి, దానివల్ల సరైన చికిత్స అంది రోగి బతుకుతాడన్న సిద్ధాంతం ఈ అంకెల ముందు నిలవలేదు. అంతకుముందే, 2007లో, 30 వేలకు పైగా మెడికేర్ రోగుల మీద చేసిన మరో అధ్యయనం గ్రంథులు ఎక్కువ చూసే ఆస్పత్రుల్లో రోగులు ఎక్కువకాలం బతకడం లేదని తేల్చింది. అయినా రోగి రోగిగా చూస్తే ఎక్కువ గ్రంథులు దొరికినవారు మెరుగ్గానే ఉన్నారు. బహుశా రోగి రోగనిరోధక శక్తే గ్రంథులను పెద్దవి చేసి దొరికేలా చేస్తూ ఉండవచ్చన్నది ఒక వివరణ. అంటే గ్రంథుల సంఖ్య కొంతవరకు రోగి శరీరం సంగతి చెబుతోందే గానీ ఆస్పత్రి సంగతి కాదు.

దీన్ని బట్టి పన్నెండు అనే కొలమానం పనికిరానిదనడం తొందరపాటు. మూడు గ్రంథులు చూసి రెండో దశ అని రాసే రిపోర్టు ఎప్పటికీ మంచి రిపోర్టు కాదు. కానీ కొలిచే అంకె పెరగడం, కొలవదలచుకున్న మేలు పెరగడం ఒకటి కావని ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ వైద్యంలో అరుదు. కమిషన్ కూడా దీన్ని ఆస్పత్రిని నిలదీసే కొలమానాల కోవలో పెట్టలేదు. ఆస్పత్రి తన పని తాను మెరుగుపరచుకోవడానికి చూసుకునేవాటిలో చేర్చింది.

నిలదీసే కోవలో పెట్టినది రెండోది. మూడో దశ రోగి ఎనభై ఏళ్లలోపు వాడైతే వ్యాధి బయటపడిన నాలుగు నెలల్లోగా కీమోథెరపీ మొదలు పెట్టాలి, లేదా దాన్ని ఆలోచించి వద్దనుకున్నట్టు రికార్డులో ఉండాలి. దీని వెనక ఉన్న ఆధారం గట్టిది. ఆపరేషన్ తర్వాత ఇచ్చే మందులు మూడో దశలో వ్యాధి తిరగబెట్టడాన్ని 41 శాతం, మరణాలను 33 శాతం తగ్గించాయని 1990లో ప్రచురించిన పెద్ద ప్రయోగం చూపింది. 2004లో ఆక్సాలిప్లాటిన్ కలిపాక ఫలితం ఇంకా మెరుగైంది. ఆలస్యం చేస్తే ఏమవుతుందన్నదీ లెక్క తేలింది. ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టడంలో ప్రతి నాలుగు వారాల జాప్యానికీ మరణించే ముప్పు సుమారు 14 శాతం చొప్పున పెరుగుతుందని 2011లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. ఈ జాప్యానికి కారణాలు సాధారణంగా వైద్యశాస్త్రానివి కావు. కుట్టు మానలేదు, పేథాలజీ రిపోర్టు రాలేదు, ఆంకాలజిస్టు అపాయింట్‌మెంటు దొరకలేదు, బీమా అనుమతి రాలేదు, రోగికి ఎవరూ చెప్పలేదు. ఇలాంటి చోటే గుర్తింపు పనికి వస్తుంది. కమిషన్ తన ఆస్పత్రుల కోసం పెట్టిన సత్వర నమోదు వ్యవస్థలో, కీమో గడువు దగ్గర పడుతున్నా మొదలుకాని రోగి పేరు గడువు దాటకముందే ఆస్పత్రికి కనిపిస్తుంది. ఏడాది చివర మార్కుల జాబితా పంపడం కంటే ఇది ఎంతో మేలైన పని.

ఇంతకీ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో రోగి ఎక్కువ బాగుపడతాడా? నేరుగా జవాబు చెప్పడం కష్టం. గుర్తింపు ఉన్నవి పెద్దవి, నగరాల్లో ఉన్నవి, ఎక్కువ ఆపరేషన్లు చేసేవి, ఎక్కువ విభాగాలు ఉన్నవి. తేడా కనిపిస్తే అది గుర్తింపు వల్లనో, పరిమాణం వల్లనో విడదీయడం తేలిక కాదు. పేగు మూసుకుపోయి అర్ధరాత్రి అత్యవసరంగా వచ్చే రోగులు చిన్న ఆస్పత్రికే ఎక్కువగా వెళితే దాని లెక్కలు సహజంగానే చెడతాయి. అమెరికాలో 2014లో వెలువడిన ఒక పోలికలో, గుర్తింపు ఉన్న క్యాన్సర్ కేంద్రాలు చేయవలసినవి చేశారా అన్న కొలతల్లోనూ, రోగుల అభిప్రాయాల్లోనూ ముందున్నాయి. ఆపరేషన్ తర్వాతి సమస్యలను కొలిచే వాటిలో మాత్రం చాలావరకు వెనకబడ్డాయి. జబ్బు ముదిరినవారు పెద్ద ఆస్పత్రికే వస్తారన్నది కొంత కారణం. జాగ్రత్తగా వెతికేవారికే సమస్యలు ఎక్కువ దొరుకుతాయన్నది మరో కారణం. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందేమోనని అందరికీ స్కాన్ చేసే ఆస్పత్రిలో ఆ గడ్డలు ఎక్కువగానే నమోదవుతాయి. వెతకని ఆస్పత్రి రికార్డు నిర్మలంగా ఉంటుంది. ఇది అన్యాయమే, కానీ సామాన్య పాఠకుడు మార్కుల పట్టిక చూసినప్పుడు ఈ సంగతి అతనికి కనిపించదు.

సమస్య రావడం కంటే, వచ్చాక ఏం చేశారన్నది ఆస్పత్రిని ఎక్కువ పట్టిస్తుంది. పేగు రెండు కొసలు కలిపి కుట్టిన చోట కారడం ఈ ఆపరేషన్‌లో అందరూ భయపడే సమస్య. ఎంత మంచి సర్జనుకైనా కొందరిలో అది జరుగుతుంది. మూడో రోజో అయిదో రోజో రాత్రి రోగికి గుండె వేగం పెరిగి, పొట్ట ఉబ్బితే నర్సు గమనించిందా, డ్యూటీ డాక్టరు వచ్చాడా, తెల్లవారేదాకా ఆగకుండా స్కానుకు పంపారా అన్నదే ప్రాణం నిలబెడుతుంది. 2009లో అమెరికాలో సాధారణ, రక్తనాళాల శస్త్రచికిత్సల మీద చేసిన అధ్యయనంలో, మరణాలు అతి తక్కువగా ఉన్న ఆస్పత్రుల్లో 26.9 శాతం మందికి, అతి ఎక్కువగా ఉన్నవాటిలో 24.6 శాతం మందికి సమస్యలు వచ్చాయి. అంటే దాదాపు సమానం. కానీ పెద్ద సమస్య వచ్చినవారిలో చనిపోయినవారు మొదటివాటిలో 12.5 శాతం, రెండోవాటిలో 21.4 శాతం. రాత్రి షిఫ్టులో ఎవరున్నారన్నది మూడేళ్లకోసారి, అదీ ముందుగా చెప్పి, పగటిపూట వచ్చే తనిఖీ బృందానికి పూర్తిగా కనిపించదు.

కమిషన్ 2020 ప్రమాణాల్లో మొదటిసారిగా ఆపరేషన్ బల్ల దాకా వెళ్లింది. పెద్దపేగు ఆపరేషన్‌లో గడ్డ ఉన్న భాగానికి రక్తం తెచ్చే ప్రధాన నాళాన్ని దాని మొదట్లోనే కట్టి, ఆ పరిధిలోని గ్రంథులన్నిటినీ ఒకే ముద్దగా తీయాలి, అలా తీసినట్టు నిర్ణీత నమూనాలో సర్జను రాయాలి. పురీషనాళం క్యాన్సర్‌కు అంతకుముందే, 2017లో, వేరే గుర్తింపు కార్యక్రమమే మొదలైంది. పన్నెండు అనే అంకె చెప్పలేకపోయినదాన్ని పెద్దపేగు ఆపరేషన్‌కు పెట్టిన 2020 ప్రమాణం సూటిగా అడుగుతోంది. గ్రంథులు ఎన్ని దొరికాయని కాక, అవి ఉండే చోటంతా తీశావా అని.

జర్మనీ మరో దారి పట్టింది. అక్కడి క్యాన్సర్ సంఘం 2006 నుంచి ప్రత్యేకంగా పేగు క్యాన్సర్ కేంద్రాలకే ధ్రువీకరణ ఇస్తోంది. ఏడాదికి కనీసం 30 పెద్దపేగు, 20 పురీషనాళం క్యాన్సర్ ఆపరేషన్లు చేయని ఆస్పత్రికి ఆ పేరు రాదు. కుట్టు కారడం పెద్దపేగులో 6 శాతం మించకూడదన్నది లక్ష్యం. ఏటా తనిఖీ ఉంటుంది, కేంద్రాల అంకెలు వార్షిక నివేదికలో అచ్చవుతాయి. 2009 నుంచి 2017 వరకు బీమా సంస్థల లెక్కలను, క్యాన్సర్ రిజిస్ట్రీలను జోడించి చేసిన పరిశీలనలో ధ్రువీకరణ ఉన్న కేంద్రాల్లో చికిత్స పొందిన రోగులు మెరుగ్గా బతికారని తేలింది. ఇక్కడా పెద్ద ఆస్పత్రుల ప్రభావాన్ని పూర్తిగా తీసివేయలేం. అయినా ఒక వ్యాధికి, ఆ వ్యాధి ఫలితాలనే కొలిచి ఇచ్చే గుర్తింపు మొత్తం ఆస్పత్రికి ఇచ్చేదాని కంటే సూటిగా పనిచేస్తుందనడానికి ఇది మంచి సాక్ష్యం.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీహెచ్. అది భారత నాణ్యతా మండలి కింద పనిచేస్తుంది. 2005లో ఢిల్లీలోని ఇంద్రప్రస్థ అపోలో దేశంలో మొదటిసారిగా అంతర్జాతీయ జాయింట్ కమిషన్ గుర్తింపు పొందింది. ఎన్‌ఏబీహెచ్ చూసేవి ప్రధానంగా ఆస్పత్రి మొత్తానికి వర్తించేవి: ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ, మందుల భద్రత, సమ్మతి పత్రాలు, రికార్డులు, అగ్నిప్రమాద ఏర్పాట్లు, సిబ్బంది శిక్షణ. ఇవి అనవసరం కావు. చేతులు కడగని వార్డులో ఏ క్యాన్సర్ వైద్యమూ నిలవదు. కానీ మూడో దశ రోగుల్లో ఎందరికి సమయానికి కీమో అందింది అన్న ప్రశ్నకు ఆ ధ్రువపత్రంలో జవాబు ఉండదు. హైదరాబాదులోనో విజయవాడలోనో హోర్డింగు మీద ఎన్‌ఏబీహెచ్ గుర్తు చూసి క్యాన్సర్ వైద్యం మంచిదని నిర్ధారించుకోవడం, రైల్వే స్టేషన్ శుభ్రంగా ఉంది కాబట్టి రైలు వేళకు వస్తుందనుకోవడమే.

గుర్తింపుకూ డబ్బుకూ ముడి ఇక్కడా పడింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు లేని ఆస్పత్రులకు చెల్లించే రేట్లు ఉన్నవాటి కంటే 15 శాతం తక్కువగా నిర్ణయించారు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లోనూ గుర్తింపు ఉన్నవాటికి అదనపు శాతం ఉంది. ఆస్పత్రులను ప్రమాణాల వైపు నడిపించడానికి ఇది బలమైన తోపు. కానీ కాగితం ఉంటే పైసలు పెరుగుతాయన్నప్పుడు కాగితం కోసమే పనిచేసే అలవాటు కూడా వస్తుంది. తనిఖీకి ముందు నెలరోజులు రాత్రింబవళ్లు ఫైళ్లు నింపడం ఏ నగరంలోనైనా నర్సులకు అనుభవమే.

క్యాన్సర్ వైద్యాన్ని నేరుగా పట్టించుకునే ప్రయత్నం 2012లో టాటా మెమోరియల్ సెంటర్ కేంద్రంగా మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్. చికిత్సకు ఒకే రకమైన మార్గదర్శకాలు తయారుచేసి దేశమంతటి సభ్య ఆస్పత్రులకు ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. హైదరాబాదులోని ఎంఎన్‌జే, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వంటి ప్రభుత్వ రంగ కేంద్రాలకు పేద రోగులు ఎక్కువగా వస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వల్ల ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ క్యాన్సర్ ఆపరేషన్, కీమో పేదలకు అందుబాటులోకి వచ్చాయి. ఖర్చు చెల్లించడానికి ప్రతి రోగి కాగితాలూ ఇలాంటి పథకాలకు చేరతాయి కాబట్టి, ఆపరేషన్‌కూ మొదటి కీమోకూ మధ్య ఎన్ని రోజులు పట్టిందో లెక్కగట్టడానికి కావలసిన తేదీలు వాటిలోనే ఉంటాయి.

అలాంటి లెక్కలు బయటికి వచ్చేలోగా, ఒక్కో రోగి విషయంలో వైద్యం ఎలా జరిగిందో కొంతవరకు కుటుంబమే చూసుకోగలదు, ఎందుకంటే పేథాలజీ రిపోర్టు వాళ్ల చేతికే వస్తుంది. అందులో లింఫ్ గ్రంథుల దగ్గర రెండు అంకెలు ఉంటాయి, గీతకు ముందొకటి, తర్వాతొకటి. మూడు గీత పదిహేడు అని ఉంటే పదిహేడు గ్రంథులు చూశారని, మూడింటిలో క్యాన్సర్ ఉందని అర్థం. సున్నా గీత అయిదు అని ఉంటే ఇంకా వెతకడానికి వీలుందా అని సర్జనును అడగవచ్చు. తీసిన ముక్కను ప్రయోగశాల కొంతకాలం దాచి ఉంచుతుంది కాబట్టి ఆ అడగడం వెంటనే జరగాలి. కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని రాశారా, గడ్డ గోడలో ఎంత లోతుకు దిగిందో చెప్పారా, వంశపారంపర్య లించ్ లక్షణాన్ని పట్టించే మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష చేశారా అన్నవి రిపోర్టులో చూడవలసిన మరో మూడు సంగతులు. ఆఖరి పరీక్షలో తేడా కనిపిస్తే రోగి తోబుట్టువులు, పిల్లలు కూడా డాక్టరును కలవాల్సి రావచ్చు.

చికిత్స తర్వాత రోగిని వెంబడించి చూసే పనిలోనే భారతదేశంలో పెద్ద లోటు ఉంది. భారత వైద్య పరిశోధన మండలి క్యాన్సర్ రిజిస్ట్రీల కార్యక్రమం 1981లో మొదలుపెట్టింది, హైదరాబాదు కూడా అందులో ఉంది. కానీ నగరంలో ఆపరేషన్ చేయించుకుని శ్రీకాకుళానికో ఆదిలాబాద్‌కో వెళ్లిపోయిన రోగి, దగ్గరలోని పట్టణంలో కీమో మొదలుపెట్టి, మూడో డోసు తర్వాత చేతులు తిమ్మిర్లెక్కి మానేస్తే, ఆ సంగతి ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి తెలిసే ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఆపరేషన్ విజయవంతమని డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అమెరికాలో గుర్తింపు కోరే ఆస్పత్రికి ఈ ఆచూకీ తీయడం షరతు. దానికోసం జీతమిచ్చి పెట్టుకున్న ట్యూమర్ రిజిస్ట్రార్లు రోజంతా ఫోన్లు చేస్తారు, ఉత్తరాలు రాస్తారు, మరణ నమోదులు తిరగేస్తారు. అలాంటి ఉద్యోగి ఒకరు ఆస్పత్రిలో ఉన్నారా, ఆ పనికి జీతం ఎవరు ఇస్తున్నారు అన్నది ఇక్కడి గుర్తింపు నియమాల్లో ఇంకా ప్రధాన ప్రశ్న కాలేదు.